ఏ ట్యాగులో ఉన్నా కనబడేలా: విండో మేనేజర్‌కు స్టేటస్ బార్, స్టిక్కీ విండోలు

టైలింగ్ విండో మేనేజర్‌కు, అంటే విండోలను ఒకదాని మీద ఒకటి పడకుండా పక్కపక్కన పరిచే ప్రోగ్రాముకు, అలవాటు పడినవారు తెరను ట్యాగులుగానో వర్క్‌స్పేసులుగానో విడగొట్టుకుని పనిచేస్తారు. మొదటి ట్యాగులో టెర్మినల్, రెండోదానిలో బ్రౌజర్, మూడోదానిలో రాత పని ఉంటాయి. ఒక మీట నొక్కగానే ఉన్నది తప్పుకుని కావలసినది వస్తుంది. ఈ పద్ధతిలోని సుఖమంతా అక్కరలేనిది కంటి ముందు లేకపోవడంలోనే ఉంది. అయితే ఏ ట్యాగుకు వెళ్లినా వదలకుండా కనబడవలసినవి కొన్ని ఉంటాయి: గడియారం, బ్యాటరీ, కీబోర్డు తెలుగులో ఉందా ఇంగ్లీషులో ఉందా అన్న గుర్తు, జరుగుతున్న వీడియో సమావేశం, అనువాదం చేసేవారికైతే నిఘంటువు. మొదటి మూడింటికీ తగిన చోటు స్టేటస్ బార్, అంటే తెర అంచున ఉండే సన్నని పట్టీ. చివరి రెండింటికీ కావలసింది స్టిక్కీ విండో, అంటే ట్యాగు మారినా తెరకు అతుక్కుని ఉండే విండో. నా దృష్టిలో ఇవి రెండు వేర్వేరు సౌకర్యాలు కావు. ట్యాగుతో నిమిత్తం లేకుండా తెర మీద నిలిచే హక్కు దేనికి ఇవ్వాలి అన్న ఒక్క ప్రశ్నకే ఇవి రెండు జవాబులు. అందుకే రెండింటినీ కలిపి చెబుతున్నాను.

ఉదాహరణగా డీడబ్ల్యూఎమ్‌ను తీసుకుంటున్నాను. 2006లో సక్‌లెస్ బృందం నుంచి వచ్చిన ఈ విండో మేనేజర్ సీ భాషలో ఉంటుంది. దాని మూలం 2000 వరుసలు దాటకూడదని రూపకర్తలు హద్దు పెట్టుకున్నారు కనుక, సీ కొద్దిగా వచ్చినవారు కూడా ఒకటి రెండు సాయంత్రాలలో మొత్తం చదివి అర్థం చేసుకోగలరు. సెట్టింగుల మెనూ ఏదీ ఉండదు. కాన్ఫిగ్ డాట్ హెచ్ అన్న ఫైలును మార్చి, తిరిగి కంపైల్ చేసుకోవడమే పద్ధతి. ఇక్కడ మొదటిసారి వచ్చేవారు తరచుగా ఒక చిక్కులో పడతారు. మూలంతో పాటు వచ్చేది కాన్ఫిగ్ డాట్ డెఫ్ డాట్ హెచ్. కంపైల్ చేయించే మేక్ ఆజ్ఞను మొదటిసారి నడిపినప్పుడు దాని నకలుగా కాన్ఫిగ్ డాట్ హెచ్ తయారవుతుంది. ఆ తరువాత డెఫ్ ఉన్న ఫైలులో ఎన్ని మార్పులు చేసినా అవి విండో మేనేజర్‌లోకి రావు. ఆజ్ఞలను, ఫైళ్లను ఇక్కడ పలికే తీరులో రాశాను. టైపు చేసేటప్పుడు వాటి అసలు ఇంగ్లీషు రూపాన్నే వాడాలి.

బార్‌లో ఏది ఉండాలి

కోడు రాయడానికి ముందు ఒక కాగితం మీద బార్‌లో పెట్టదలచిన అంశాలన్నీ రాసుకుని, ఒక్కోదాని పక్కన "ఇది తెలిస్తే నేను చేసే పని మారుతుందా?" అని వేసుకోవాలి. బ్యాటరీ 15 శాతానికి పడిపోయిందని తెలిస్తే లేచి ఛార్జరు తగిలిస్తాం, కరెంటు లేకపోతే ఫైలు సేవ్ చేసి పని ఆపుతాం. ప్రాసెసర్ వాడకం 7 శాతం నుంచి 11 శాతానికి పెరిగిందని తెలిస్తే చేసేదేమీ లేదు. పైగా సెకనుకొకసారి మారే అంకె ఏదైనా కంటిని పక్కకు లాగుతుంది. చదువుతున్న వాక్యం మధ్యలో చూపు పైకి పోతుంది. అందుకే ప్రాసెసర్ వాడకం, నెట్‌వర్క్ వేగం, సెకన్ల ముల్లు ఈ మూడింటినీ నా బార్ నుంచి తీసేశాను. మిగిలినవి నాలుగే: కీబోర్డు భాష, శబ్దం స్థాయి, బ్యాటరీ, తేదీతో కూడిన సమయం. మెమరీ కూడా కావాలనుకునేవారు ప్రాక్ డైరెక్టరీలోని మెమ్‌ఇన్ఫో ఫైలులో మెమ్‌ఫ్రీ వరుసను కాక మెమ్‌అవైలబుల్ వరుసను చదవాలి. ఖాళీగా ఉన్న మెమరీని కెర్నల్ ఫైళ్ల నకళ్లు దాచుకోవడానికి వాడుకుంటుంది కనుక, మెమ్‌ఫ్రీ ఎప్పుడూ తక్కువగానే కనబడి లేని భయం పుట్టిస్తుంది.

అంశాల వరుసకు కూడా ఒక కారణం ఉండాలి. డీడబ్ల్యూఎమ్ ఈ అంశాల పాఠ్యాన్ని కుడి అంచుకు ఆనించి గీస్తుంది. కాబట్టి ఏ అంశం వెడల్పు మారినా దానికి ఎడమవైపు ఉన్నవన్నీ జరుగుతాయి, కుడివైపు ఉన్నవి కదలవు. వెడల్పు ఎప్పుడూ ఒకేలా ఉండే సమయాన్ని కుడి చివర పెట్టి, కనబడుతూ పోతూ ఉండేవాటిని ఎడమ చివరకు నెట్టితే గడియారం ఉన్నచోటే నిలకడగా ఉంటుంది. బ్యాటరీ 100 నుంచి 99కి, 10 నుంచి 9కి దిగినప్పుడు కూడా కదలిక రాకుండా అంకెకు ముందు ఖాళీలు చేర్చి మూడు అక్షరాల వెడల్పు ఖాయం చేయాలి. నేనైతే ఛార్జరు తగిలించి ఉన్నంతసేపూ బ్యాటరీని అసలు చూపించను. సిస్ డైరెక్టరీలో క్లాస్, పవర్ సప్లై, బ్యాట్ 0 అన్న వరుసలో వెళితే కెపాసిటీ, స్టేటస్ అని రెండు చిన్న ఫైళ్లు ఉంటాయి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో అది బ్యాట్ 1 కావచ్చు. స్టేటస్ ఫైలులో డిశ్చార్జింగ్ అన్న మాట ఉన్నప్పుడే కెపాసిటీ అంకెను బార్‌లోకి తీసుకుంటాను.

పాఠ్యాన్ని బార్‌కు అందించడం

డీడబ్ల్యూఎమ్‌లో బార్‌కు పాఠ్యం చేరే మార్గం చాలా తేలికైనది. తెర మీద విండోలను చూపించే ఎక్స్ సర్వర్‌లో అన్ని విండోలకూ తల్లి అయిన రూట్ విండో ఒకటి ఉంటుంది. దాని పేరుగా మనం ఏది పెడితే అదే బార్ కుడివైపున కనబడుతుంది. ఎక్స్‌సెట్‌రూట్ ఆజ్ఞకు నేమ్ ఐచ్ఛికం ఇచ్చి ఒక వాక్యం రాస్తే చాలు. రూట్ విండో పేరు మారిందన్న కబురు సర్వర్ నుంచి వెంటనే విండో మేనేజర్‌కు అందుతుంది, అది బార్‌ను తిరిగి గీస్తుంది. కాబట్టి స్టేటస్ స్క్రిప్టు అంటే నాలుగు విలువలు సేకరించి, ఒక వరుసగా కూర్చి, ఆ వరుసను రూట్ విండోకు పేరుగా పెట్టి, కొంతసేపు ఆగి, మళ్లీ అదే చేసే లూపు మాత్రమే. ఎక్స్ మొదలయ్యే ఫైలులో విండో మేనేజర్‌కు ముందు వరుసలో, వెనుక నడిచేలా దీన్ని పెట్టుకోవాలి.

ఎంతసేపు ఆగాలి అన్నదానిలోనే నేర్పు ఉంది. ఊరికే 60 సెకన్లు ఆగమంటే, స్క్రిప్టు ఏ నిమిషంలో ఏ సెకనుకు మొదలైందో ఆ సెకనుకే గడియారం మారుతుంది. అసలు సమయం 10:31 అయి ముప్పావు నిమిషం గడిచినా బార్ 10:30 దగ్గరే ఉండవచ్చు. ప్రస్తుత సెకన్లను 60లోంచి తీసివేసి, మిగిలినంతసేపే ఆగితే నిమిషం మారగానే గడియారమూ మారుతుంది. ఈ తీసివేత దగ్గరే నేను చాలా రోజులు ఇబ్బంది పడ్డాను. బార్ ఎప్పుడో ఒకసారి కదలకుండా ఆగిపోయేది, తిరిగి మొదలుపెడితే వారం రోజులు బాగానే నడిచేది. కారణం చివరకు దొరికింది. డేట్ ఆజ్ఞ సెకన్లను 08, 09 అని సున్నాతో ఇస్తుంది. షెల్ లెక్కలలో సున్నాతో మొదలయ్యే అంకెను అష్టాంశ పద్ధతిలోని సంఖ్యగా చదువుతారు. ఆ పద్ధతిలో 8, 9 అన్న అంకెలే లేవు. లూపు ఎక్కువగా 00 సెకను దగ్గరే లేస్తుంది కనుక తప్పు బయటపడదు. శబ్దం మీట నొక్కినప్పుడు (ఆ ఏర్పాటు కింద చెబుతాను) అది మధ్యలో లేచి, ఆ క్షణం సరిగ్గా 08 గానీ 09 గానీ అయితే లెక్క విఫలమై లూపు ముగిసిపోతుంది. లినక్స్‌లోని డేట్ ఆజ్ఞకు సెకన్ల గుర్తు మధ్యలో ఒక అడ్డగీత చేర్చితే ముందరి సున్నా లేకుండా 8 అనే ఇస్తుంది. ఆ ఒక్క గీతతో సమస్య తీరింది.

నిమిషానికొకసారి లేచే లూపుతో శబ్దం, కీబోర్డు భాష వంటివి ఆలస్యంగా కనబడతాయి. వాటి కోసం లూపును ప్రతి సెకనుకూ లేపడం తప్పుడు మందు. మారినప్పుడే కబురు పంపడం సరైన పద్ధతి. స్క్రిప్టు మొదటి వరుసలోనే యూఎస్‌ఆర్ 1 సిగ్నల్‌కు ఒక ట్రాప్, అంటే ఆ కబురు వస్తే ఏం చేయాలో చెప్పే వరుస, పెట్టాలి. మొదటి వరుసలోనే అని నొక్కి చెప్పడానికి కారణం, ట్రాప్ లేని ప్రక్రియకు ఆ సిగ్నల్ వస్తే అది చనిపోతుంది. ఆ తరువాత స్లీప్‌ను నేరుగా నడపకూడదు. నేరుగా నడిపితే స్లీప్ పూర్తయ్యేదాకా షెల్ ట్రాప్‌ను పట్టించుకోదు, అంటే మీట నొక్కిన నిమిషానికి గానీ శబ్దం స్థాయి కనబడదు. స్లీప్‌ను వెనుక నడిపించి, దాని సంఖ్యను గుర్తు పెట్టుకుని, వెయిట్ ఆజ్ఞతో దానికోసం ఎదురుచూడాలి. వెయిట్ మాత్రం సిగ్నల్ రాగానే వదిలేసి వస్తుంది. వచ్చిన వెంటనే మిగిలిపోయిన పాత స్లీప్‌ను కిల్‌తో ఆపకపోతే, మీట పదిసార్లు నొక్కిన ప్రతిసారీ పది స్లీప్ ప్రక్రియలు వెనుక పోగవుతాయి. ల్యాప్‌టాప్ నిద్రపోయి లేచినప్పుడు కూడా ఇదే సిగ్నల్ పంపే ఏర్పాటు చేసుకోవడం మంచిది, ఎందుకంటే యంత్రం నిద్రలో ఉన్న కాలాన్ని స్లీప్ లెక్కించదు. లేచాక దాదాపు ఒక నిమిషం దాకా పాత సమయమే కనబడవచ్చు.

కీబోర్డు భాషకు నేను పాటించే పద్ధతి ఇది. విండో మేనేజర్‌లో ఒక మీటకు చిన్న స్క్రిప్టు కట్టాను. అది సెట్ఎక్స్‌కేబీమ్యాప్ క్వెరీ ద్వారా ఇప్పుడున్న లేఅవుట్‌ను అడుగుతుంది; ఇంగ్లీషు ఉంటే భారతీయ లేఅవుట్‌లోని టెల్ రూపానికి, అంటే తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌కు మారుస్తుంది, తెలుగు ఉంటే ఇంగ్లీషుకు మారుస్తుంది, ఆ వెంటనే స్టేటస్ స్క్రిప్టుకు సిగ్నల్ పంపుతుంది. ఏ భాషలో ఉన్నామో తెలియక టెర్మినల్‌లో తెలుగు అక్షరాలు, ఉత్తరంలో ఇంగ్లీషు అక్షరాలు పడడం తెలుగులో రాసే ప్రతివారికీ రోజూ ఎదురయ్యేదే. బార్‌లో అన్నిటికన్నా ఎక్కువగా నాకు పనికివచ్చినది ఈ ఒక్క అక్షరం.

బార్‌లో తెలుగు

అక్షరం అన్నాను కనుక తెలుగు లిపి సంగతి ఇక్కడే చెప్పాలి. డేట్ ఆజ్ఞకు ఎల్‌సీ టైమ్ విలువగా టీఈ ఐఎన్ లొకేల్ (తెలుగు భాషా అమరిక) ఇస్తే, ఆ లొకేల్ యంత్రంలో తయారై ఉన్నట్లయితే, వారం పేరు సోమవారం, శుక్రవారం అని తెలుగులోనే వస్తుంది. కానీ డీడబ్ల్యూఎమ్ అక్షరాలను గీయడానికి ఎక్స్ఎఫ్‌టీ అన్న లైబ్రరీని వాడుతుంది. అది ఒక్కో యూనికోడ్ గుర్తును విడివిడిగా వరుసలో పెట్టుకుంటూ పోతుందే తప్ప, గుణింతాన్ని హల్లుతో కలపడం, ఒత్తును కిందికి దించడం దానికి తెలియదు. శుక్రవారంలోని క్రావడి క, పొల్లు, ర అని మూడు ముక్కలుగా నిలబడుతుంది. ఫాంటు మార్చితే ఇది బాగుపడదు, ఎందుకంటే లోపం ఫాంటులో లేదు.

దీనికి రెండు దారులున్నాయి. డీడబ్ల్యూఎమ్‌కు, అక్షరాలను సరిగా కలిపి గీసే ప్యాంగో లైబ్రరీని చేర్చే ప్యాచ్ (మూలానికి చేసే సవరణ) వేసుకోవడం ఒకటి. ప్యాంగో ఆధారంగానే గీసే ఐత్రీబార్ వంటి బార్‌ను వాడే విండో మేనేజర్‌ను ఎంచుకోవడం మరొకటి. ఈ రెండూ వద్దనుకుంటే, కలయిక అవసరం లేని ఒంటరి అచ్చులతో సరిపెట్టుకోవచ్చు. నేను చేసినది అదే: కీబోర్డు తెలుగులో ఉన్నప్పుడు బార్‌లో "అ" అని మాత్రమే చూపిస్తాను. అది ఒకే గుర్తు కనుక ఎక్స్ఎఫ్‌టీ కూడా చక్కగా గీస్తుంది. మరొక కొలత కూడా చూసుకోవాలి. బార్ ఎత్తును డీడబ్ల్యూఎమ్ మొదటి ఫాంటు ఎత్తుకు రెండు పిక్సెళ్లు కలిపి నిర్ణయిస్తుంది. మొదటి ఫాంటు ఇంగ్లీషుదై, తెలుగు అక్షరం వేరే ఫాంటు నుంచి వస్తే, మన లిపిలో గుడి పైకి, ఒత్తు కిందికి సాగుతాయి కనుక అంచులు తెగిపోతాయి. బార్‌లో తెలుగు మాటలు ఉండేటట్లయితే ఫాంట్ల జాబితాలో తెలుగు ఫాంటునే ముందు పెట్టాలి.

పొడవుకూ ఒక హద్దు ఉంది. స్టేటస్ పాఠ్యానికి డీడబ్ల్యూఎమ్ కేటాయించినది 256 బైట్లు; చివరి బైటు ముగింపు గుర్తుకు పోగా 255 మిగులుతాయి. యూటీఎఫ్ 8లో తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది కనుక 85 గుర్తులకు మించి పట్టవు. సోమవారం అన్న మాటే 7 గుర్తులు, 21 బైట్లు. ఇంగ్లీషులో సగం బార్ కూడా నిండని వాక్యం తెలుగులో మధ్యలో తెగిపోవడానికి కారణం ఇదే.

బార్‌కు చోటు కేటాయించడం

డీడబ్ల్యూఎమ్ బార్ విండో మేనేజర్‌లోనే భాగం. ఆ విండోను ఓవర్‌రైడ్ రీడైరెక్ట్ గుణంతో సృష్టిస్తారు కనుక దాన్ని ఎవరూ టైల్ చేయరు, జరపరు. విండోలు పరచుకునే ప్రదేశాన్ని లెక్క కట్టేటప్పుడు తెర ఎత్తులోంచి బార్ ఎత్తును ముందే తీసివేస్తారు. గీసేటప్పుడు నేరుగా తెర మీద గీయకుండా, కనబడని చోట పూర్తిగా గీసి ఒక్కసారిగా నకలు చేస్తారు. బార్ రెపరెపలాడకపోవడానికి కారణం అదే. స్టేటస్ పాఠ్యాన్ని ముందు గీసి, ట్యాగుల పేర్లను తరువాత గీయడం కూడా ఆలోచించి చేసినదే: తెర ఇరుకైతే ట్యాగులు పాఠ్యం మీదుగా వస్తాయి, పాఠ్యం ట్యాగులను మింగదు.

బార్‌ను వేరే ప్రోగ్రాముగా రాసుకునేవారు మాత్రం తమకు చోటు కావాలని విండో మేనేజర్‌కు చెప్పుకోవాలి. దానికి ఈడబ్ల్యూఎమ్‌హెచ్ అన్న ఉమ్మడి ఒప్పందం ఉంది. విండో రకాన్ని డాక్ అని ప్రకటించి, స్ట్రట్ పార్షియల్ అన్న ప్రాపర్టీలో 12 అంకెలు రాయాలి. మొదటి నాలుగు ఎడమ, కుడి, పై, కింది అంచుల నుంచి ఎన్ని పిక్సెళ్లు కావాలో చెబుతాయి. మిగిలిన ఎనిమిది ఒక్కో అంచున ఆ చోటు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెబుతాయి. 1920 వెడల్పు, 1080 ఎత్తు ఉన్న తెర పైభాగాన 24 పిక్సెళ్ల బార్ కావాలంటే మూడో అంకె 24, తొమ్మిదోది 0, పదోది 1919, మిగిలినవన్నీ సున్నాలు.

రెండు మానిటర్లు ఉన్నప్పుడు ఎక్కువమంది తప్పటడుగు వేసేది కింది అంచు దగ్గర. ఈ కొలతలు మానిటర్ అంచు నుంచి కాక మొత్తం రూట్ విండో అంచు నుంచి లెక్క. 1080 ఎత్తు మానిటర్ పక్కన, పై అంచులు సమంగా ఉండేలా 768 ఎత్తు మానిటర్ పెట్టి, ఆ చిన్నదాని అడుగున 24 పిక్సెళ్ల బార్ పెడితే, రాయవలసిన అంకె 24 కాదు. కింద కనబడకుండా ఉన్న 312 పిక్సెళ్లను కూడా కలిపి 336. మరో పొరపాటు సీ భాషలో జరుగుతుంది. ప్రాపర్టీ రూపం 32 బిట్లు అని చెబుతాం కనుక 32 బిట్ల సంఖ్యల పట్టీ ఇవ్వాలని అనిపిస్తుంది, కానీ ఎక్స్ సర్వర్‌తో మాట్లాడే ఎక్స్‌లిబ్ లైబ్రరీ అక్కడ లాంగ్ సంఖ్యల పట్టీని ఆశిస్తుంది. 64 బిట్ల లినక్స్‌లో లాంగ్ అంటే 8 బైట్లు. చిన్న సంఖ్యల పట్టీ ఇస్తే ఆరు అంకెల తరువాత పట్టీ దాటి జ్ఞాపకంలో ఏది ఉంటే అది చదివేస్తుంది.

స్టిక్కీ విండో

డీడబ్ల్యూఎమ్‌లో ప్రతి విండోకూ ట్యాగుల బిట్లు ఉంటాయి. తెర మీద ప్రస్తుతం ఎంచుకున్న ట్యాగుల బిట్లు మరోచోట ఉంటాయి. ఈ రెండింటిలో ఉమ్మడి బిట్ ఒక్కటైనా ఉంటే విండో కనబడుతుంది, లేకపోతే దాన్ని తెరకు ఎడమవైపు బయటకు నెట్టేస్తారు. ఈ పరీక్ష అంతా ఈజ్‌విజిబుల్ అన్న ఒక్క మ్యాక్రోలో, అంటే పేరు పెట్టిన చిన్న కోడు ముక్కలో, ఉంది. టైల్ చేసే ఫంక్షనూ, దాచే ఫంక్షనూ, ఫోకస్ (కొట్టే అక్షరాలు ఏ విండోకు చేరాలో ఆ ఎంపిక) వెతికే ఫంక్షనూ అన్నీ దాన్నే అడుగుతాయి. కాబట్టి ఆ ఒక్క మ్యాక్రోకు నచ్చజెబితే అందరికీ నచ్చజెప్పినట్లే.

ఏ మార్పూ చేయకుండానే మాడ్ (విండో మేనేజర్ ఆజ్ఞలకు కేటాయించిన మీట), షిఫ్ట్, 0 మీటలు కలిపి నొక్కితే విండోకు అన్ని ట్యాగులూ తగులుతాయి, అదీ అన్నిచోట్లా కనబడుతుంది. అయితే ఆ విండో అసలు ఏ ట్యాగుకు చెందినదో ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది. పైగా బార్‌లో తొమ్మిది ట్యాగుల పక్కనా విండో ఉన్నట్లు చుక్కలు వెలిగి, ఏది నిజంగా ఖాళీయో తెలియకుండా పోతుంది. అందుకని వేరుగా ఒక గుర్తు పెట్టుకోవడమే మేలు.

ఒక్కో విండో వివరాలను దాచే క్లయింట్ స్ట్రక్చర్‌లో ఈజ్‌ఫ్లోటింగ్ ఉన్న వరుసలోనే ఈజ్‌స్టిక్కీ అన్న పూర్ణాంకాన్ని చేర్చండి. కొత్త క్లయింట్‌కు కేటాయించే జ్ఞాపకమంతా సున్నాలతోనే వస్తుంది కనుక దానికి మొదటి విలువ ఇవ్వనవసరం లేదు. మ్యాక్రోలో ఉన్న పరీక్షకు "లేదా ఈజ్‌స్టిక్కీ" అని చేర్చి, మొత్తాన్ని బయట ఒక జత కుండలీకరణాలలో ఉంచండి. చాలాచోట్ల ఈ మ్యాక్రో ముందు "కాదు" గుర్తు వస్తుంది. బయటి కుండలీకరణాలు లేకపోతే ఆ గుర్తు మొదటి సగానికే వర్తించి, అర్థం తలకిందులవుతుంది. తరువాత టాగుల్‌స్టిక్కీ అన్న ఫంక్షన్ రాసి, కాన్ఫిగ్ ఫైలులో మాడ్, ఎస్ మీటలకు కట్టండి; మూల అమరికలో ఆ జత ఖాళీగానే ఉంటుంది.

ఆ ఫంక్షన్ ఏం చేయాలి అన్నదానిలో నాకొక గట్టి అభిప్రాయం ఉంది. గుర్తును తిప్పి, తెరను తిరిగి అమర్చితే చాలునని చాలామంది అక్కడితో ఆగుతారు. ఒకటో ట్యాగులో అతికించిన నిఘంటువును ఐదో ట్యాగులో ఉండగా విడిపిస్తే ఏమవుతుందో చూడండి. విండో తటాలున మాయమై ఒకటో ట్యాగుకు పోతుంది, కానీ ఫోకస్ దాని మీదే ఉండిపోతుంది. మనం కొట్టే అక్షరాలు కనబడని విండోలో పడతాయి. విడిపించిన విండో విడిపించిన చోటే ఉండాలి. కాబట్టి గుర్తు సున్నాకు మారినప్పుడు విండో ట్యాగులకు ప్రస్తుత ట్యాగుల బిట్లను ఇచ్చి, ఆ తరువాత అమర్చాలి. అతికించేటప్పుడు విండోను తేలే విండోగా కూడా మార్చాలి. టైల్‌లో ఉన్న విండో అన్ని ట్యాగులలోనూ కనబడితే ప్రతి ట్యాగులోనూ మిగతా విండోలు దానికి చోటిచ్చి కుదించుకుపోతాయి, అప్పుడు ట్యాగులు వేర్వేరుగా ఉన్న ప్రయోజనమే ఉండదు. తేలే విండోకు ఒక మూలన చోటు ఖాయం చేయండి: 1920, 1080 తెర మీద 480 వెడల్పు, 270 ఎత్తు, చుట్టూ ఒక పిక్సెల్ అంచుతో ఉన్న విండోను కుడి దిగువ మూలకు చేర్చాలంటే ఎడమ నుంచి 1438, పై నుంచి 808.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఫోకస్. ట్యాగు మారినప్పుడు డీడబ్ల్యూఎమ్ తన దొంతరలో, అంటే ఇటీవల వాడిన క్రమంలో, పైనుంచి వెతుకుతూ కనబడే మొదటి విండోకు ఫోకస్ ఇస్తుంది. స్టిక్కీ విండో ఎప్పుడూ కనబడేదే. దాన్ని కాసేపటి క్రితం ఒక్కసారి తాకి ఉంటే, ఈలోగా వాడని ఏ ట్యాగుకు వెళ్లినా ముందు అదే దొరుకుతుంది. ఒకసారి సమావేశం జరుగుతుండగా టెర్మినల్ ఉన్న ట్యాగుకు మారి, చూడకుండానే సర్వర్ సంకేతపదం కొట్టి ఎంటర్ నొక్కాను; అది అందరూ చూసే చాట్ పెట్టెలోకి వెళ్లింది. ఆ పూటే సంకేతపదం మార్చుకుని, ఆ రాత్రే ఫోకస్ ఫంక్షన్‌ను సరిదిద్దాను. సవరణ చిన్నదే. వెతికే లూపుకు ముందు మరో లూపు పెట్టి, అందులో కనబడని విండోలతో పాటు స్టిక్కీ విండోలను కూడా దాటవేయాలి. ఏదీ దొరకకపోతేనే పాత లూపును నడపాలి. అప్పుడు ట్యాగుకు చెందిన విండోకే ముందు ఫోకస్ వస్తుంది, ట్యాగు ఖాళీగా ఉంటేనే స్టిక్కీ విండోకు వెళుతుంది. ఈ సవరణ చేయకుండా స్టిక్కీ విండోలను వాడవద్దని నా మనవి.

మరో లోపం చాలా ఆలస్యంగా కంటపడుతుంది. స్టిక్కీ విండో నుంచి ఫైలు సేవ్ చేసే పెట్టె వంటిది తెరుచుకుంటే, కొత్త విండోలను చేర్చుకునే మేనేజ్ ఫంక్షన్ ఆ పెట్టెకు దాని తల్లి విండో ట్యాగులను నకలు చేస్తుంది. తల్లి స్టిక్కీ కనుక మన ముందు ఉంది. పిల్ల స్టిక్కీ కాదు కనుక తల్లి అసలు ట్యాగులో, మనకు కనబడకుండా తెరుచుకుంటుంది. ప్రోగ్రాము ఎందుకు బిగుసుకుపోయిందో అర్థం కాదు. ట్యాగులను నకలు చేసే వరుస పక్కనే ఈజ్‌స్టిక్కీని కూడా నకలు చేస్తే సరిపోతుంది.

ఇతర విండో మేనేజర్లలో ఇంత శ్రమ లేదు. ఐత్రీలో స్టిక్కీ టాగుల్ అన్న ఆజ్ఞ సిద్ధంగా ఉంది, అయితే విండో తేలుతూ ఉంటేనే అది పనిచేస్తుంది. ఎక్స్‌కు బదులుగా వచ్చిన వేల్యాండ్ మీద నడిచే స్వేలోనూ అదే ఆజ్ఞ ఉంది. బీఎస్‌పీడబ్ల్యూఎమ్‌లో నోడ్‌కు స్టిక్కీ అన్న జెండా ఉంటుంది. ఎక్స్‌మోనాడ్‌లో కాపీ విండో మాడ్యూల్‌లోని కాపీ టు ఆల్ వాడాలి. సొంతంగా విండో మేనేజర్ రాసుకునేవారు బయటి బార్‌లకు, పేజర్లకు (డెస్క్‌టాప్‌ల చిన్న పటం చూపించే ప్రోగ్రాములకు) కూడా సంగతి తెలిసేలా విండోకు నెట్ డబ్ల్యూఎమ్ డెస్క్‌టాప్ ప్రాపర్టీలో 4294967295 అన్న విలువ పెట్టాలి; 32 బిట్లూ ఒకట్లే అయిన ఆ సంఖ్యకు ఈడబ్ల్యూఎమ్‌హెచ్‌లో "అన్ని డెస్క్‌టాప్‌లు" అని అర్థం. అదే ఒప్పందంలో స్టిక్కీ అన్న స్థితి వేరుగా ఉంది. అది తెరకన్నా పెద్ద డెస్క్‌టాప్ జరిగినప్పుడు విండో కదలకుండా ఉండడానికి సంబంధించినది. పేరు చూసి రెండూ ఒకటే అనుకోకూడదు.

అన్నీ అమర్చాక కంపైల్ చేసి, ఇన్‌స్టాల్ చేసి, ఎక్స్‌ను తిరిగి మొదలుపెట్టి ఇలా పరీక్షించండి. ఒక చిన్న టెర్మినల్‌ను స్టిక్కీ చేసి, దానిలో ఒక మాట టైపు చేసి, ఒకటి నుంచి తొమ్మిది దాకా ట్యాగులు మారుతూ, విండోలున్న ప్రతి ట్యాగులోనూ ఒక అక్షరం కొట్టండి. ఆ తొమ్మిదింటిలో ఒక్క అక్షరం స్టిక్కీ విండోలో పడినా ఫోకస్ సవరణ సరిగా లేనట్లే. తరువాత ఐదో ట్యాగులో విడిపించి, అది అక్కడే ఉందో లేదో చూడండి. విండో మేనేజర్‌ను తిరిగి మొదలుపెడితే ఈ గుర్తులన్నీ పోతాయి, ఎందుకంటే అవి దాని జ్ఞాపకంలోనే ఉంటాయి. వీడియో ప్లేయర్ వంటివి ఎప్పుడు తెరిచినా స్టిక్కీగానే రావాలంటే ప్రోగ్రాముల వారీ నియమాలు ఉండే రూల్ స్ట్రక్చర్‌లో ఈజ్‌ఫ్లోటింగ్ తరువాత ఈజ్‌స్టిక్కీని చేర్చి, అప్లైరూల్స్‌లో దాన్ని క్లయింట్‌కు ఇచ్చి, కాన్ఫిగ్ ఫైలులోని ప్రతి రూల్ వరుసలోనూ అదే స్థానంలో ఒక అంకె చేర్చాలి. ఒక్క వరుసలో మరిచిపోయినా కంపైలర్ తప్పు చూపదు. మానిటర్ కోసం రాసిన మైనస్ 1 స్టిక్కీ స్థానంలోకి జరిగి, ఆ ప్రోగ్రాము అన్ని ట్యాగులలోనూ అతుక్కుంటుంది.